దేవాంగ పిల్లి ఎంత ఉంటుంది, ఎన్నేళ్లు బతుకుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మన రాయలసీమ కొండల్లో, చిత్తూరు తమిళనాడు బార్డర్ పల్లెల చుట్టుపక్కల తోపుల్లో ఉండే జంతువు ఇది, అయినా చాలామంది పేరు వినడమే కానీ చూసి ఉండరు. రాత్రిపూట మాత్రమే తిరుగుతుంది, శబ్దం చేయకుండా తిరుగుతుంది, పైగా పిడికెడంత ఉంటుంది. దీని సైజు గురించి, ఆయుష్షు గురించి జనం అడిగేవన్నీ ఒకచోట పెడితే బాగుంటుందని రాస్తున్నాను. కొన్నిటికి జవాబు పొడుగ్గా వచ్చింది, ఓపిగ్గా చదవండి.

అసలు ఇది ఏ రకం జంతువు?

పేరులో పిల్లి ఉంది కానీ పిల్లికి దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది ప్రైమేట్, అంటే కోతులు, కొండముచ్చులు, మనుషులు ఉన్న గుంపులోదే. ఇంకా దగ్గరి బంధువులు కావాలంటే ఆఫ్రికాలో ఉండే బుష్ బేబీలు, పొట్టోలు, కాస్త దూరంగా మడగాస్కర్ లెమూర్లు. ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్ అంటారు. ఇందులో రెండు జాతులు ఉన్నాయి, ఒకటి ఎర్ర లోరిస్, అది శ్రీలంకలో మాత్రమే ఉంటుంది. రెండోది బూడిదరంగు లోరిస్, ఇది దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉంటుంది, సైంటిఫిక్ పేరు లోరిస్ లిడెక్కెరియానస్. మన దగ్గర ఉండేది ఇదే కాబట్టి కింద రాసిందంతా ఎక్కువగా దీని గురించే.

సైజు ఎంత ఉంటుంది?

తల నుంచి నడుము చివర దాకా కొలిస్తే సుమారు 18 నుంచి 26 సెంటీమీటర్లు. స్కూల్ పిల్లల స్కేలు 30 సెంటీమీటర్లు ఉంటుంది కదా, అంత కూడా ఉండదు. తోక బయటికి కనిపించదు, లేనట్టే లెక్క, అందుకే చెట్టు మీద చూసినవాళ్లు ఇది ఉడత కాదని, కోతి పిల్ల కాదని వెంటనే పట్టేస్తారు.

ఫోటోల్లో చూసి ఇంకా పెద్దదేమో అనుకుంటారు చాలామంది. కారణం కళ్లు. ముఖంలో సగం కళ్లే ఉంటాయి, గుండ్రంగా, ముందుకు చూస్తూ, చుట్టూ నల్లటి వలయాలు, మధ్యలో ముక్కు దాకా తెల్లటి గీత. దగ్గరగా జూమ్ చేసి తీసిన ఫోటోలో పక్కన పోల్చుకోడానికి ఏమీ ఉండదు కాబట్టి మనకి పిల్లి అంత కనిపిస్తుంది. నిజంగా చూస్తే మాత్రం ఇంత చిన్నదా అనిపిస్తుంది. కాళ్లూ చేతులూ మన చిటికెన వేలంత లావు కూడా ఉండవు, అంత సన్నం.

బరువు ఎంత?

పెద్దది పావుకిలో, అటూ ఇటూగా. మన ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మెట్ట ప్రాంతాల్లో ఉండేదాన్ని మైసూరు రకం అంటారు, అది సుమారు 220 నుంచి 320 గ్రాముల మధ్య తూగుతుంది. కేరళ వైపు పడమటి కనుమల తడి అడవుల్లో ఉండే మలబార్ రకం ఇంకా చిన్నది, 180 గ్రాముల దగ్గర ఉంటుంది. శ్రీలంక ఎర్ర లోరిస్ అయితే మరీ చిన్నది, అందులో 100 గ్రాములు దాటనివి కూడా ఉంటాయి. మగవి ఆడవాటికంటే కొంచెం బరువు, కానీ చూసి చెప్పేంత తేడా కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి, వాన ఎక్కువ పడే పచ్చటి అడవిలో ఉన్నది చిన్నగా, ఎండిపోయిన తుమ్మ చెట్ల మధ్య ఉన్నది పెద్దగా ఉంది. తిండి ఎక్కువ దొరికేచోట పెద్ద జంతువు ఉంటుందని మనం అనుకుంటాం, ఈ రెండు రకాల్లో మాత్రం తిరగబడింది.

అంత బక్కగా ఎందుకు ఉంటుంది, తిండి లేకనా?

కాదండి, ఆరోగ్యంగా ఉన్నది కూడా అలాగే ఉంటుంది. చాలామంది దీన్ని చూసి పాపం ఎండిపోయింది అనుకుని పాలు, అన్నం పెట్టబోతారు, దయచేసి ఆ పని చేయొద్దు. దీని శరీరం సన్నటి కొమ్మల చివర్ల మీద నడవడానికి తయారైంది. కొమ్మ ఊగకుండా, ఆకు కదలకుండా వెళ్లాలి, పురుగు దగ్గరికి చప్పుడు లేకుండా చేరాలి, చేరాక రెండు చేతులతో టక్కున పట్టాలి. బరువు పెరిగితే ఈ పని సాగదు.

ఇంకోటి, ఇది దూకదు. ఉడతలాగా ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకి గెంతడం దీనికి రాదు, ఒక కొమ్మ వదలకముందే ఇంకో కొమ్మ పట్టుకోవాలి, అందుకే అంత పొడుగు చేతులు కాళ్లు. బొటనవేలు మిగతా వేళ్లకి బాగా ఎదురుగా ఉంటుంది, చూపుడు వేలు చిన్నదైపోయింది, దాంతో పట్టు పటకారులాగా బిగుస్తుంది. చేతుల్లో కాళ్లలో రక్తనాళాలు సన్నటి వలలాగా చీలి ఉంటాయి, గంటల తరబడి ఒకే కొమ్మని పట్టుకుని కదలకుండా ఉన్నా తిమ్మిరి ఎక్కకుండా ఉండడానికి అవి పనికొస్తాయని చెప్తారు.

ఎన్నేళ్లు బతుకుతుంది?

ఎక్కువమంది అడిగేది ఇదే. మామూలుగా చెప్పే లెక్క 12 నుంచి 15 ఏళ్లు, జూల్లో 15 ఏళ్లు దాటినవి కూడా ఉన్నాయి. కానీ ఈ అంకె ఎక్కడిదో తెలుసుకుని చదవాలి. ఇది ముఖ్యంగా మనుషుల సంరక్షణలో పెరిగినవాటిని చూసి వచ్చిన లెక్క, అక్కడ పుట్టిన తేదీ రాసి ఉంటుంది, పోయిన తేదీ రాసి ఉంటుంది, తీసేస్తే వయసు వచ్చేస్తుంది. అడవిలో అలా కుదరదు, చీకట్లో తిరిగే పావుకిలో జంతువుని పుట్టినప్పటి నుంచి చివరిదాకా వెంటాడి లెక్కపెట్టాలంటే రీసెర్చర్ జీవితంలో పదిహేనేళ్లు అక్కడే పోతాయి. కాబట్టి ఎవరైనా అడవిలో ఇది కచ్చితంగా ఇన్నేళ్లే బతుకుతుంది అని ఒకే అంకె చెప్తే నమ్మొద్దు, జూ లెక్కకంటే అడవి లెక్క తక్కువే ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

అడవిలో ఎందుకు తక్కువ?

గుడ్లగూబ, కొండచిలువ లాంటి పాములు, అడవి పిల్లులు, నేల మీదికి దిగితే కుక్కలు. ఇవి సహజంగా ఉండేవే, వీటితో ఇది వేల ఏళ్లుగా నెట్టుకొస్తోంది. ప్రమాదం వస్తే పారిపోవడం కంటే ఉన్నచోట బిగుసుకుపోయి కదలకుండా ఉండిపోవడం దీని పద్ధతి, చీకట్లో ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది.

పనిచేయంది మనం తెచ్చిపెట్టిన వాటి దగ్గర. రోడ్డు వెడల్పు చేస్తూ రెండు వైపులా చెట్లు కొట్టేస్తే పైన కొమ్మలు కలవవు, దూకలేదు కాబట్టి కిందికి దిగి రోడ్డు దాటాలి, లారీ లైట్లు పడగానే కదలకుండా ఉండిపోతుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. కొమ్మ అనుకుని కరెంటు తీగ పట్టుకుని చనిపోయేవి ఉన్నాయి. పొలం గట్ల మీద తుమ్మ చెట్లు, జెముడు కంచెలు తీసేసి సిమెంటు స్తంభాలు, ముళ్లతీగ వేస్తున్నాం, దాంతో ఒక తోపు నుంచి ఇంకో తోపుకి పోయే దారే లేకుండా పోతుంది. ఒక ఆడది బతకడానికి దాదాపు నాలుగెకరాల చోటు, మగదానికి తొమ్మిది ఎకరాల దాకా కావాలని తమిళనాడు దిండిగల్ జిల్లా అయ్యలూరు దగ్గర చేసిన పరిశీలనల్లో తేలింది. నాలుగెకరాలు పెద్ద చోటేం కాదు, కానీ ఆ నాలుగెకరాల్లో చెట్లు ఒకదానికొకటి అంది ఉండాలి.

ఎలుకంత జంతువు అన్నేళ్లు ఎలా బతుకుతుంది?

ఇది మంచి ప్రశ్న, నన్ను అడిగితే దీని గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే. మామూలుగా చిన్న జంతువులకి ఆయుష్షు తక్కువ. ఇదే పావుకిలో బరువుండే ఎలుక రెండు మూడేళ్లు బతికితే గొప్ప. దేవాంగ పిల్లి దానికి ఐదారు రెట్లు బతుకుతుంది.

మొదటి కారణం ఇది ప్రైమేట్ కావడం. ప్రైమేట్లు మొత్తంగానే శరీర బరువుకి తగ్గ ఆయుష్షు కంటే ఎక్కువ బతుకుతాయి, నెమ్మదిగా పెరుగుతాయి, ఆలస్యంగా పిల్లల్ని కంటాయి, తక్కువమందిని కంటాయి. రెండోది, లోరిస్ కుటుంబం ఒంట్లో ఇంధనం ఖర్చు చేసే వేగమే తక్కువ, అంత బరువున్న వేరే క్షీరదాలతో పోలిస్తే విశ్రాంతిలో ఉన్నప్పుడు ఇవి ఖర్చుపెట్టే శక్తి బాగా తక్కువ. తినేది విషపు పురుగులు కాబట్టి అలా అయ్యిందని కొందరు సైంటిస్టులు అంటారు. మూడోది చెట్టు మీద, అదీ రాత్రిపూట మాత్రమే బతకడం, నేల మీద పగలు తిరిగే చిన్న జంతువుకి ఉన్నంతమంది శత్రువులు దీనికి ఉండరు.

ఎలుక పద్ధతి వేరు, అది మూడు వారాల్లో ఈనేస్తుంది, ఒక్క కాన్పులో ఆరు నుంచి పది పన్నెండు దాకా పెడుతుంది, సగం పోయినా నష్టం లేదు. దేవాంగ పిల్లి కడుపుతో ఉండేదే ఐదున్నర నెలలు, పుట్టేది ఒకటి లేదా రెండు. అంటే ఈ జంతువు ఎక్కువకాలం బతికి, కొద్దిమంది పిల్లల్ని జాగ్రత్తగా పెంచి తన సంఖ్య నిలబెట్టుకుంటుంది. రోడ్డు మీద ఒక పెద్ద ఆడది పోయిందంటే అది ఇంకా పదేళ్లపాటు కనాల్సిన పిల్లలు మొత్తం పోయినట్టు. చిన్నది కదా, ఎలుకల్లాగా మళ్లీ పుట్టేస్తాయిలే అనుకునే వాళ్లకి ఈ లెక్క చెప్పండి.

పిల్లలు ఎలా ఉంటాయి, ఎలా పెరుగుతాయి?

పుట్టినప్పుడు 10 గ్రాముల పైచిలుకు ఉంటాయంతే, కళ్లు తెరిచే పుడతాయి. మొదటి కొన్ని వారాలు తల్లి పొట్టకి కరుచుకుని ఉంటాయి, తల్లి ఎటు పోతే అటే. తర్వాత తల్లి రాత్రి వేటకి వెళ్తూ పిల్లని ఒక కొమ్మ మీద వదిలి వెళ్తుంది, అది అక్కడే పట్టుకుని కూర్చుంటుంది, తెల్లవారుజామున వచ్చి తీసుకెళ్తుంది. అలా ఒంటరిగా ఉన్న పిల్లల దగ్గరికి పగలు వాటితో కలిసి నిద్రపోయే గుంపులోని మగవి వచ్చి ఒళ్లు శుభ్రం చేయడం, ఆడుకోవడం కూడా చూశారు రీసెర్చర్లు, ఇది నాకు భలే నచ్చే విషయం.

దీనివల్ల ఒక ముఖ్యమైన సంగతి ఉంది. కొమ్మ మీద ఒంటరిగా చిన్న దేవాంగ పిల్లి కనిపిస్తే అది తప్పిపోయింది కాదు. తల్లి వస్తుంది. మనం కాపాడుతున్నాం అనుకుని ఇంటికి తీసుకెళ్తే తల్లిని బిడ్డని మనమే విడదీసినట్టు. పాలు మానడానికి ఐదు నెలల దాకా పడుతుంది, ఆడవి దాదాపు ఏడాదికి పిల్లలు కనే వయసుకి వస్తాయి, మగవి ఇంకా ఆలస్యం.

ఏం తింటుంది?

దాదాపు అంతా పురుగులే. చీమలు, చెదలు, మిడతలు, పేడపురుగులు, వేరే జంతువులు వాసన చూసి వదిలేసే చేదు పురుగులు కూడా. అలాంటివి తిన్నాక చేతులకి మూత్రం రుద్దుకుంటుంది, ఆ పురుగుల మంట తగ్గడానికి అనుకుంటున్నారు. అప్పుడప్పుడు చిన్న బల్లులు, పక్షి గుడ్లు, కొంచెం తుమ్మ బంక. పంటకి నష్టం చేయదు సరికదా, రాత్రంతా పొలం గట్టు మీద పురుగులు ఏరే జంతువు ఇది, రైతుకి మేలే.

పగలు ఎక్కడ ఉంటుంది?

ముళ్లచెట్ల గుబురులో, వెదురు పొదల్లో, తీగలు అల్లుకున్న చెట్లలో. గూడు కట్టదు, తొర్రల్లోకి పెద్దగా పోదు, కొమ్మ పట్టుకుని తల కాళ్ల మధ్య పెట్టి బంతిలాగా ముడుచుకుని పడుకుంటుంది. రాత్రి వేటకి ఒంటరిగా పోతుంది కానీ పగలు నిద్ర మాత్రం గుంపుగా, ఐదారు కలిసి కూడా ఉంటాయి. తెల్లవారేముందు సన్నగా ఈల వేసినట్టు అరుచుకుంటూ ఒకచోట చేరతాయి.

మన దగ్గర ఎక్కడ ఉన్నాయి?

తిరుమల, శేషాచలం కొండలు, శ్రీవెంకటేశ్వర నేషనల్ పార్క్, చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యం వైపు. శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, అక్కడి ముఖ్యమైన జంతువుల్లో ఇదొకటి. కర్ణాటకలో తుమకూరు దగ్గర నాగవల్లి ఊరు వీటికి పేరు, బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ క్యాంపస్‌లో ఇప్పటికీ ఉన్నాయి, అంత పెద్ద సిటీ మధ్యలో పాత చెట్లు నిలిచి ఉండబట్టే అవి నిలిచాయి. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లు బోలెడంతమంది, వీటి కోసం దూరం పోనక్కర్లేదన్నమాట.

పునుగు పిల్లి, ఇదీ ఒకటేనా?

కాదు. తిరుమల పేరు రెండిటితోనూ ముడిపడి ఉంది కాబట్టి ఈ గందరగోళం. పునుగు పిల్లి రెండు మూడు కిలోల జంతువు, పొడుగు తోక, మూతి కోసుగా ఉంటుంది, స్వామివారి సేవకి వాడే పునుగు తైలం దానిదే. దేవాంగ పిల్లి దాంట్లో దాదాపు పదో వంతు బరువే, తోక లేదు. రెండూ రాత్రి తిరుగుతాయి, పోలిక అక్కడితో సరి.

యూట్యూబ్‌లో చంకలో గిలిగింతలు పెడితే చేతులు ఎత్తే జంతువు ఇదేనా? పెంచుకోవచ్చా?

ఆ వీడియోల్లో ఉన్నది స్లో లోరిస్, ఆగ్నేయాసియా వైపుది, మన దేశంలో ఈశాన్య రాష్ట్రాల్లో ఉండే రకం కిలో పైన బరువు. అది చేతులు ఎత్తేది సంతోషంతో కాదు, భయంతో. దాని మోచేతి దగ్గర గ్రంథి నుంచి వచ్చే ద్రవం లాలాజలంతో కలిస్తే విషం అవుతుంది, చేతులు ఎత్తేది దాన్ని అందుకోడానికే. అమ్మేవాళ్లు కరవకుండా పళ్లు పీకేస్తారు, చాలా వాటికి ఆ పుండ్లతోనే ప్రాణం పోతుంది. అలాంటి వీడియో వస్తే లైక్, షేర్ కొట్టొద్దు, చూసేవాళ్లు ఉన్నంతకాలం తీసేవాళ్లు ఉంటారు.

మన దేవాంగ పిల్లిని కూడా పెంచుకోకూడదు. రాత్రికి వందల పురుగులు కావాలి, చీకటి కావాలి, కొమ్మలు కావాలి. పంజరంలో పెట్టి అరటిపండు పెడితే నాలుగు రోజుల్లో నీరసించి పోతుంది. సరిగ్గా చూసుకుంటే పదిహేనేళ్లు బతికేదాన్ని అలా చంపుకోవడం ఎంత అన్యాయం.

దీని కళ్లతో మందు చేస్తారని, జాతకం చెప్పిస్తారని విన్నాం, నిజమేనా?

చేస్తారు, అందుకోసమే ఎన్నో చచ్చిపోయాయి. కంటిచూపుకి మందని, వశీకరణకి పనికొస్తుందని, చేతబడి అని రకరకాలుగా చెప్తారు. తమిళనాడులో జోస్యం చెప్పేవాళ్లు దీనితో కార్డులు తీయించేవాళ్లు. వీటిలో ఒక్కదానికీ ఆధారం లేదు. ఆ కళ్లు అంత పెద్దవి ఎందుకంటే చీకట్లో చూడాలి కాబట్టి, టార్చి వేస్తే ఎర్రగా మెరిసేది కంటి వెనక వెలుగుని తిప్పి కొట్టే పొర ఉంది కాబట్టి, ఆవు కళ్లు మెరిసేదీ అందుకే. ఊళ్లో పెద్దవాళ్లు ఎవరైనా అపశకునం అంటే వాళ్లతో గొడవ పడకుండా ఈ మాట చెప్పండి, పురుగులు తినే జంతువని కూడా చెప్పండి, రైతులకి అది త్వరగా ఎక్కుతుంది.

పట్టుకుంటే శిక్ష ఉందా?

ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది షెడ్యూల్ ఒకటిలో ఉంది, పులి ఉన్న షెడ్యూలే. వేటాడినా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25 వేల జరిమానా.

వీటికోసం ప్రత్యేకంగా అభయారణ్యం ఉందా?

2022 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లని కడవూర్ దేవాంగ పిల్లి అభయారణ్యంగా ప్రకటించింది, దేశంలో ఈ జంతువు కోసం పెట్టిన మొదటిది అదే. మన వైపు అలాంటిది ఇంకా రాలేదు, రావాలి. శేషాచలం లాంటి చోట్ల అడవికి రక్షణ ఉంది కానీ ఈ జంతువు సగం బతుకు అడవి బయట, పొలం గట్ల మీద, చింతతోపుల్లో ఉంది, అక్కడ దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

రాత్రి కనిపిస్తే ఏం చేయాలి?

చెట్టు మీద ఉంటే ఏం చేయక్కర్లేదు, దూరం నుంచి చూడండి. తెల్లటి టార్చి సూటిగా కళ్లలోకి కొట్టొద్దు, దానికి చాలాసేపు చూపు సరిగా ఆనదు, చూడాలనిపిస్తే టార్చికి ఎర్ర కాగితం కట్టుకోండి. ఫ్లాష్ వేసి ఫోటో తీయొద్దు, ఎక్కడ చూశారో లొకేషన్ పబ్లిక్‌గా పోస్ట్ చేయొద్దు, పట్టేవాళ్లు కూడా అవే పోస్టులు చూస్తారు.

రోడ్డు మధ్యలో ఉంటే బండి ఆపి, లైట్లు తగ్గించి, వెనక వచ్చేవాళ్లని ఆపండి, కాసేపటికి అదే దాటుతుంది. కదలకపోతే ఒక పొడుగాటి కొమ్మ దాని ముందు పెట్టండి, పట్టుకుంటుంది, అలాగే ఎత్తి అది వెళ్తున్న వైపు చెట్టుకి చేర్చండి, వచ్చిన వైపు పెడితే మళ్లీ దిగుతుంది. ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, కరుస్తుంది. దెబ్బ తగిలి ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, చీకటిగా, చప్పుడు లేనిచోట పెట్టి, తిండి నీళ్లు నోట్లో పోయకుండా దగ్గరున్న ఫారెస్ట్ ఆఫీసుకి ఫోన్ చేయండి. ఏ ఊరు, ఏ రోడ్డు, ఏ చెట్టు దగ్గర దొరికిందో రాసిపెట్టుకుని వాళ్లకి చెప్పండి, కోలుకున్నాక దాన్ని అక్కడే వదలాలి కాబట్టి.